ఉప్పు తిన్న చైను

భావనపాడు,
6-2-1968

చిరంజీవి భీమశంకరానికి ఉమాపతి బావ దీవించి రాయునది.

నీ కార్డు వచ్చి చాలా రోజులైంది. మంచి కబురేదైనా దొరికితే రాద్దామని ఆగాను. దొరకలేదు. ఇక ఉన్న కబురే రాస్తున్నాను.

మీ అక్క దగ్గు సంగతి నీకు తెలిసిందే. చలికాలం దగ్గు, మిరియాల కషాయానికి పోతుందని మా అమ్మ, సముద్రం గాలి పడలేదని నేను, ఇద్దరం కలిసి కాలం గడిపేశాం. మొన్న టెక్కలి ఆసుపత్రిలో ఫొటో తీసి క్షయ అని తేల్చారు. కంగారు పడకు. ఇదివరకటి రోజులు కావు, సూదిమందుంది, మాత్రలున్నాయి. వానలు పడేదాకా రోజు విడిచి రోజు సూది వేయించుకోవాలి. ఒక్కటి కూడా మానకూడదని డాక్టరు నాకోసారి, కమలకోసారి, బయట అరుగు మీద కూర్చున్న మా అమ్మకోసారి చెప్పాడు. మధ్యలో మానితే రోగం మొండికెత్తుతుందట. తర్వాత ఆ మందు పనిచెయ్యదట.

మా ఊరికి బస్సు రాదు. నౌపడ దాకా కమలని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్తే అక్కడ టెక్కలి బస్సెక్కుతుంది. నేను ఉప్పు కాటా దగ్గరికి పనికి పోతాను. ఆవిడ తిరిగి బస్సు దిగితే మళ్ళీ ఇంటికి తీసుకొస్తాను. చెప్పుకోడానికి సులువుగానే ఉంది. సైకిలే ఒప్పుకోవడం లేదు.

నాతోపాటు అదీ ఇన్నేళ్ళూ ఉప్పు మళ్ళలోనే కొలువు చేసింది. నేనైతే ఇంటికొచ్చి స్నానం చేస్తాను, దానికెవరు చేయిస్తారు? ఉప్పు గాలికి చైను తుప్పుపట్టి, సాగి, వేలాడుతోంది. పెడళ్ళ దగ్గర చక్రానికి పళ్ళు అరిగి కొంగముక్కుల్లా వంగిపోయాయి. గట్టిగా తొక్కితే చైను పన్ను మీంచి దూకుతుంది, కాలు గాల్లోకి పోతుంది. మొన్న ఉప్పు గట్టు ఎక్కుతుంటే అలాగే దూకి ఇద్దరం పడ్డాం. మీ అక్క మోచెయ్యి గీరుకుపోయింది. లేచి చీర దులుపుకుని, "మా నాన్న సైకిలు మీంచే కదా పడ్డాను, పరాయోలిది కాదు కదా" అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మీ విజయనగరంలో పెద్ద సైకిలు షాపులున్నాయి. ఒక చైనూ, దానికి ఇంకా ఏమేం కావాలో అవీ కనుక్కుని తొందరగా పంపు. అలకపాన్పు మీద మీ నాన్నగారు నాకిచ్చిన నాటికే అది ముసలి సైకిలు. నేనడిగింది కొత్తది, ఆయనిచ్చింది కంటోన్మెంటు దొర తొక్కి వదిలేసింది. సరే, ఆ మాటలన్నీ ఇప్పుడెందుకు.

నీలవేణికీ బిడ్డకీ మా దీవెనలు.

నీ బావ
ఉమాపతి


విజయనగరం,
12-2-1968

పూజ్యులైన బావగారికి భీమశంకరం నమస్కారాలు.

మీ ఉత్తరం కొట్లో ఉండగా అందింది. చదివాక ఒక్క చీర కూడా తిన్నగా మడత పెట్టలేకపోయాను. షావుకారు చూసి ఇంటికి పొమ్మన్నాడు. అమ్మ పోయాక నాకు జలుబు వచ్చినా జ్వరం వచ్చినా చంకన వేసుకుని తిరిగింది అక్కే. కిందటేడు వచ్చినప్పుడే ఆ దగ్గు ఎవరికైనా చూపించమన్నాను. సముద్రం గాలి అన్నారు మీరు. ఏమనను?

అలకపాన్పు సంగతి ఎత్తకుండా ఉంటే బాగుండేది బావగారూ. "ఆ మాటలన్నీ ఇప్పుడెందుకు" అనే ముందు ఆ మాటలన్నీ రానే రాశారు. నాన్న లేడు, జవాబు చెప్పుకోలేడు. మీ మనసులో కొత్త సైకిలు ఉంటే అదే అడగండి, డొంకతిరుగుడు వద్దు. కొనిచ్చే తాహతు నాకు లేదు. ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గూ లేదు. మీరడిగిన చైను మాత్రం పార్సిల్లో పంపుతున్నాను. గట్టిదని షాపువాడు ఒట్టేసి చెప్పాడు.

ఇంకో మాట. అక్కని ఇక్కడికి పంపించెయ్యండి. పెద్దాసుపత్రి మా ఇంటికి కూతవేటు దూరం. సైకిలూ వద్దు, బస్సూ వద్దు. నయమయ్యాక నేనే తీసుకొచ్చి దింపుతాను. మీకు అభిమానం అడ్డొస్తే అక్క ముఖం చూసి దిగమింగండి.

జగ్గమ్మ అత్తయ్యకు నమస్కారాలు చెప్పండి.

భీమశంకరం


భావనపాడు,
21-2-1968

భీమశంకరానికి,

పార్సిలు అందింది. చైను నల్లగా నిగనిగలాడుతూ బాగుంది. మా సైకిలుకి ఎక్కదు.

నౌపడ స్టేషను బయట అప్పలసూరి అని సైకిళ్ళు బాగుచేస్తాడు. వాడు దాన్ని ఇటు తిప్పీ అటు తిప్పీ, "ఎలగెక్కుతాది బాబూ? దీని పన్ను లావు, మీ సైను సందు సన్నం. దీనికీ దానికీ పొత్తు కుదర్దు" అన్నాడు. అక్కడ టీ తాగుతున్నవాళ్ళంతా చూస్తున్నారు. మా బావమరిది పంపాడని అప్పటికే అందరితో గొప్పలు పోయాను. చేతికి దొరికింది కాగితంలో చుట్టి పంపావని నేననను. అలా అనిపించకుండా కూడా లేదు.

ఈ మధ్య మీ అక్క ఉప్పు బండ్ల మీద వెళ్తోంది. నౌపడ వ్యాగన్లకి సరుకు పంపే రోజున బండి ఉంటుంది, లేని రోజున లేదు. సూదికి సరుకుతో పనేముంది? అప్పుడే కొన్ని తప్పాయి. నడిచి వెళ్తానని ఒకరోజు బయల్దేరి, మొదటి గట్టు దాటకుండానే కూలబడింది. ఎవరో బెస్తవాళ్ళు చూసి ఇంటికి చేర్చారు. నేను సాయంత్రం కాటా దగ్గర్నుంచి వచ్చేదాకా నాకు తెలియదు.

మీ ఇంటికి పంపమన్నావు. వెళ్తావా అని అడిగాను. వెళ్ళను అంది. అంతే. నా పెళ్ళానికి సూది వేయించలేనివాణ్ణని నీకనిపిస్తే అనిపించనీ.

అప్పలసూరి చెప్పిన ఉపాయం ప్రకారం చక్రం మీద కాగితం పరిచి పెన్సిలుతో రుద్దాను. పళ్ళ ఆనవాలు తిన్నగానే పడింది. ఇందులో పెడుతున్నాను. ఇది చూపించి, దీనికి అతికేది ఏదో అది పంపు. కొత్త సైకిలు నేనడగలేదు, అడగను.

ఉమాపతి


విజయనగరం,
3-3-1968

బావగారికి,

చైను ఎక్కకపోవడానికి కారణం ఇప్పటికి తెలిసింది. మీ కాగితం చూడగానే షాపు మేస్త్రీ కళ్ళజోడు పైకి తోసుకుని, "ఇది మా నాన్నల కాలం సరుకయ్యా" అన్నాడు. వెనకటి సీమ సైకిళ్ళకి చైను బద్దలు పొడుగ్గా ఉండేవట, పన్నుకీ పన్నుకీ దూరం ఎక్కువ, పళ్ళూ లావే. ఆ రకం చైను చెయ్యడం ఎప్పుడో మానేశారు. ఇంకెక్కడైనా దొరికినా అరిగిన పళ్ళ మీద కొత్త చైను నిలవదన్నాడు. దూకుతూనే ఉంటుందట. కాబట్టి చైను ఒక్కటీ మారిస్తే లాభం లేదు. పెడళ్ళ దగ్గరి పళ్ళ చక్రం, తొక్కే కాడలు, వెనక పళ్ళ బిళ్ళ, చైను, అన్నీ ఒక్క జట్టుగా మారాలి.

అందులోనూ పేచీ ఉంది. ఇప్పుడు మన దేశంలో చేసే జట్టు కొందామంటే, దాని ఇరుసు మీ సైకిలు గొట్టంలో పట్టదట. మీ సైకిలు చేసిన కంపెనీయే తర్వాతి రోజుల్లో చేసిన సరుకైతే పడుతుందన్నాడు.

రాజవీధిలో, స్టేషను దగ్గర, ఎక్కడా లేదు. మొత్తానికి ఒకచోట దొరికింది. మా వీధి ఎల్లాజీ రైల్వే గ్యాంగులో పనిచేస్తాడు. నౌపడ వైపు పని పడిందట. ఈ శుక్రవారం బండికి వస్తాడు. గోనెసంచిలో కట్టి ఇస్తున్నాను, మీ ఇంటి గుమ్మం దాకా తెచ్చి ఇమ్మన్నాను. అది బిగించే దాకా అక్కని నడవనివ్వకండి.

అక్క ఎందుకు రానందో మీరు రాయలేదు. మీరు ఒప్పుకోక రానందేమోనని నాకు అనుమానం.

భీమశంకరం


భావనపాడు,
13-3-1968

భీమశంకరానికి,

శుక్రవారం ఎదురుచూశాను. శనివారం పనికి వెళ్తూ స్టేషనులో అడిగాను. ఆదివారం మళ్ళీ అడిగాను. ఎల్లాజీ లేడు, మల్లాజీ లేడు.

పంపలేకపోతే పంపలేనని రాయొచ్చు కదా. రేపో మాపో వస్తుందని బండివాణ్ణి బతిమాలడం మానుకున్నాను. ఈ వారం కమలకి సూదే లేదు. నిన్న మొత్తానికి ఒక బండి దొరికి ఇద్దరం వెళ్తే డాక్టరు నన్ను మనుషుల ముందు నిలబెట్టి కేకలేశాడు. ఇలా మానుకుంటూ వస్తే ఇక రావద్దన్నాడు. కోపంతో అన్నమాటే, కానీ తప్పేముంది? నేను తల వంచుకుని విన్నాను. కమల నా వైపు చూడలేదు.

నాకు ఓపిక అయిపోతోంది శంకరం. కాటా దగ్గర నిలబడితే తూకం ముల్లు రెండుగా కనబడుతోంది.

ఉమాపతి


విజయనగరం,
13-3-1968

బావగారికి,

ఎల్లాజీ నిన్న సంచితో సహా తిరిగొచ్చాడు. "మీ బావగోరింటోలు గడప తొక్కనీలేదండి. ఇనుప సామాను మాకొద్దు, అట్టుకుపో అని కేకలేసేరు. నానేటి సెయ్యగలను?" అన్నాడు. వాడి ముందు నాకు తల కొట్టేసినట్టయింది.

మీకు నా మీద కోపం ఉండొచ్చు. నాన్న మీద ఇంకా ఉండొచ్చు. ఆ సంచిలో ఉన్నది మీ కోసం కాదు, అక్క కోసం. గుమ్మంలోంచి తిప్పి పంపేటప్పుడు ఆ మాటైనా గుర్తు రాలేదా?

ఇంతకంటే రాస్తే మాట మీరుతాను. సంచి మా ఇంట్లో మూలన పడి ఉంది.

భీమశంకరం


భావనపాడు,
19-3-1968

నాయనా శంకరం,

నీ ఉత్తరం, నా ఉత్తరం దారిలో ఒకదాన్నొకటి దాటుకుపోయాయి. నీది చదివాక మా అమ్మని అడిగాను.

ఎల్లాజీ శుక్రవారం రాలేదు. పలాస దాకా పని మీద పోయి, మర్నాడు తిరుగు బండిలో దిగాడట. అంటే శనివారం. నేను ఉప్పు మళ్ళలో ఉన్నాను. కమల ఉప్పు బండి దొరుకుతుందేమోనని ఊరి చివర కాచుకుని ఉంది. ఇంట్లో అమ్మ ఒక్కతే. "శనోరం పూట ఇనుము ఇంట్లోకి ఎవులైనా రానిస్తారేటి? అదీ కోడలు జబ్బుతో ఉన్న ఇంట్లోకా? శనిని సేజేతులా పిలిసినట్టు కాదేటి? పట్టుకుపోరా, రేపు తేరా అన్నాను. ఆడు రేపు రాకపోతే నానేటి సేసేది?" అంది. రేపు తెమ్మన్న మాట ఎల్లాజీ చెవికెక్కలేదు. వాడికి మర్నాడు ఇంకోచోట పని. ఈ సంగతి నాకెందుకు చెప్పలేదే అంటే, "ఆడు తెత్తాడు కదా, అప్పుడు సూద్దాంలే అనుకున్నాను" అంది.

అమ్మని గట్టిగా అన్నాను. అనకూడని మాటలే అన్నాను. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి పోయి కూర్చుంది. కోడలు బతకాలనే కదా ఆవిడా ఆ పని చేసింది. ఎవరి మీద కోప్పడాలో తెలియక గట్టు మీదికి పోయి కాసేపు నిలబడి వచ్చాను.

కమల మీ ఇంటికి ఎందుకు రానందో కూడా చెప్తాను, నీ అనుమానం తీరుతుంది. "పసిబిడ్డున్న ఇంటికి ఈ దగ్గు మోసుకుని ఎల్తానా? సంకరానికి సెప్పకండి, ఆడు బాధపడతాడు" అంది. నేను చెప్పలేదు. చెప్పకపోయేసరికి నువ్వు నన్ను అనుమానించావు. ఆవిడ మాట నిలబెట్టాలో, నా పరువు నిలబెట్టుకోవాలో తేల్చుకోలేకపోయాను.

సంచి మళ్ళీ పంపు. ఏ వారమైనా సరే, శనివారం తప్ప. ఒకవేళ శనివారమే దిగితే స్టేషనులో అప్పలసూరికి ఇచ్చి పొమ్మను. వాడికి ఏ రోజైనా ఇనుమే.

నీ బావ
ఉమాపతి


భావనపాడు,
2-4-1968

శంకరానికి,

సంచి అప్పలసూరికి ముట్టింది. ఉగాది మర్నాడు వాడి ముందు కూర్చుని బిగింపించాను. పాత చక్రం ఊడి రాలేదు. పిన్ను తుప్పుకి కరుచుకుపోయింది. కిరసనాయిలు పోసి, సుత్తితో కొట్టి, మళ్ళీ పోసి, ఒక పూటంతా పట్టింది. కొత్త జట్టు మాత్రం సొంత బిడ్డలా వచ్చి కూర్చుంది. ఇరుసు ఎక్కడా పట్టెయ్యలేదు.

కమల సూదులు మళ్ళీ మొదలయ్యాయి. గట్టు ఎక్కేటప్పుడు ఇప్పుడు పెడలు మీద లేచి నిలబడి తొక్కుతున్నాను, చైను కిక్కురుమనడం లేదు. ఇది నేను ముందు రాయాలి కాబట్టి ముందు రాశాను.

ఇక రెండోది. సంచి విప్పగానే పళ్ళ నిగారింపు చూశాను. అది కొత్త ఇనుము కాదు. చైను సందుల్లో పాత మడ్డి ఉంది. ఎవరో ఏళ్ళ తరబడి తొక్కిన సరుకు. అప్పలసూరి కూడా చూశాడు. మీ ఇంటి నుంచి నాకు ఎప్పుడూ ఇంకొకరు తొక్కినదే వస్తుందని రాసిపెట్టి ఉంది కాబోలు. అప్పుడు మామగారు, ఇప్పుడు నువ్వు. పాతదని ఒక్క ముక్క రాస్తే నేను కాదనేవాణ్ణా? ఒకచోట దొరికింది అన్నావు, ఎక్కడో రాయలేదు.

పని జరుగుతోంది, అది చాలు. మనసు మాత్రం చివుక్కుమంది.

ఉమాపతి


విజయనగరం,
9-4-1968

బావగారికి నమస్కారం.

దానమిచ్చిన ఆవుకి పళ్ళెంచినట్టు, మీరు నిజంగానే పళ్ళెంచారు. సరే, చెప్తాను.

అది నా సైకిలుది. నాన్న తన సైకిలు మీకిచ్చాక ఊరికే ఉండలేక అదే కంపెనీది ఇంకోటి, అదీ పాతదే, కొన్నాడు కదా. ఆయన పోయాక నాకొచ్చింది. రెండింటి ఇరుసు కొలత ఒకటే అని మేస్త్రీ చెప్పగానే నేను ఇంటికొచ్చి దాన్ని నడిపించుకుంటూ తీసుకెళ్ళి అతని ముందు పడుకోబెట్టాను. ఇంకెక్కడా దొరకలేదు. దొరికేదాకా ఆగితే అక్క ఆగాలి.

ఎక్కడిదో ఎందుకు రాయలేదంటే, రాస్తే మీరు తీసుకోరు. మీ సంగతి నాకు తెలియదా? ఇప్పుడు నాకు సైకిలు లేదు. కంటోన్మెంటు నుంచి కొట్టుకి నడిచి వెళ్తున్నాను, ఎండలు ముదిరాయి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావడం మానేశాను. షావుకారు ఆలస్యం అంటున్నాడు. అననీ. నాకేమీ గొప్పగా అనిపించడం లేదు బావగారూ, కాళ్ళు నొప్పిగా ఉన్నాయి, అంతే. మీ ఉత్తరం చదివిన రోజున మాత్రం ఇంకాస్త నొప్పిగా ఉన్నాయి.

పళ్ళకి వారానికోసారి నూనె పెట్టండి. ఉప్పులోంచి రాగానే పొడిగుడ్డతో తుడవండి. అక్కకి మాత్రం ఈ సంగతి చెప్పకండి. తెలిస్తే ఆ సైకిలెక్కదు.

భీమశంకరం


భావనపాడు,
30-6-1968

చిరంజీవి శంకరానికి బావ దీవెనలు.

ఏప్రిల్లో వచ్చిన ఉత్తరానికి ఇప్పుడు జవాబా అని తిట్టుకుని ఉంటావు. చాలాసార్లు మొదలుపెట్టాను. నీకు క్షమాపణ రాయడం కంటే రోజు విడిచి రోజు మీ అక్కని నౌపడ చేర్చడమే నాకు సులువనిపించింది. అదే చేశాను. సిగ్గుతో చచ్చిపోతూ తొక్కాను, తొక్కుతూ నీ కాళ్ళు తల్చుకున్నాను. నేనన్న మాటలు అనకుండా ఉండవలసింది. ఇంతకంటే బాగా రాయడం నాకు రాదు.

కమలకి చెప్పొద్దన్నావు. చెప్పేశాను. సూది తప్పకుండా రెండు నెలలు గడిచాక, ఇక సైకిలు దిగిపోదని నమ్మకం కుదిరాక చెప్పాను. అప్పుడు క్యారియరు మీదే ఉంది. నా చొక్కా అంచు పట్టుకుంది. తర్వాత, "ఆడికి సిన్నప్పట్నుంచీ అరికాళ్ళు మెత్తన. సెప్పులేసుకు నడుస్తన్నాడో లేదో అడగండి" అంది. అందుకని అడుగుతున్నాను.

మొన్న టెక్కలిలో మళ్ళీ ఫొటో తీశారు, కఫం చూశారు. రోగం కనబడలేదన్నాడు డాక్టరు. సూదులు ఇక చాలు, మాత్రలు ఇంకా చాలా నెలలు మింగాలి. నన్ను కేకలేసిన డాక్టరే మా అమ్మకి మజ్జిగలో ఏం కలిపివ్వాలో ఓపిగ్గా చెప్పాడు. అమ్మ అన్నిటికీ తలూపింది.

వానలకి ఉప్పు పని ఆగిపోయింది. వచ్చే నెలలోనే నేను సైకిలుతో సహా రైలెక్కి వస్తాను. నీ జట్టు విప్పించి నీ సైకిలుకి పెట్టించు. నాకు ఈ వానాకాలం దాంతో పని లేదు, తర్వాత సంగతి తర్వాత చూద్దాం. వద్దని రాయకు, నేను వినను.

ఒకటి చెప్పి ముగిస్తాను. ఆఖరి సూది వేయించుకుని తిరిగొస్తుంటే సముద్రం వైపు నుంచి ఎదురుగాలి. తొక్కుతున్నాను గానీ సైకిలు కదలడం లేదు. ఈ ఐదు నెలల బడలికంతా ఆ రోజే మోకాళ్ళలోకి దిగింది. వెనక నుంచి కమల, "ఆపండి, దిగుతాను" అంది. దగ్గు వచ్చిందేమోనని గబుక్కున ఆపాను. దిగి, కొంగు నడుముకి చుట్టుకుని, గట్టు మీద ముందు నడిచింది. ఫిబ్రవరిలో కూలబడిన గట్టే అది. నేను సైకిలు తోసుకుంటూ వెనక పడ్డాను. ఆ చివరికంటా ఎక్కింది. ఆగలేదు, దగ్గలేదు. నేను సగం దాకా వచ్చి సైకిలుకి ఆనుకుని రొప్పుతుంటే పైనుంచి వెనక్కి తిరిగి చూసి నవ్వింది.

"ఏటండీ, అలిసిపోనారేటి? బేగి రండి" అంది.

నీ బావ
ఉమాపతి